కచరా దీపమయ్యాడు: ప్రకటనల కొత్త తెర

టీవీ కాలం చెల్లింది, ఎవరి తెర వాళ్ల చేతిలోకొచ్చింది, ఇక ఊరికీ వాడకీ మధ్య కంచె లేదు అనే మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. డబ్బు తోవ మారిన మాట నిజమే. 2022 జూన్‌లో జరిగిన ఐపీఎల్ వేలంలో మన దేశంలో అయిదేళ్ల టీవీ హక్కులు 23,575 కోట్లు పలికితే, ఇంటర్నెట్ హక్కులు 23,758 కోట్లు పలికాయి. డబ్బు తోవ మారితే కంచె తెగినట్టేనా? మేం ఒప్పుకోం.

పాత లెక్క ముందు చూద్దాం. ప్రైవేటు టీవీ చూసేవాళ్లను ప్రకటనదారుకి అమ్ముకుని బతికింది. ఆ చూసేవాళ్లకి ధర కట్టడానికి 2011లో మార్కెట్ పరిశోధకులు ఒక తూనిక రాయి తయారుచేశారు. ప్రశ్నలు రెండే. ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి ఎంత చదివాడు? పదకొండింటిలో ఇంటికి ఎన్ని ఉన్నాయి? ఫ్యాను, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, కారు వగైరాలతో పాటు ఆ పదకొండింటిలో సాగుభూమి కూడా ఉంది! జవాబుల్ని బట్టి ఏ1 నుంచి ఈ3 దాకా పన్నెండు మెట్లు. ఈ లెక్కలో ఎక్కడా కులం మాట లేదు. ఎందుకుంటుంది? చదువు ఎవరికి అందలేదో, భూమి ఎవరి చేతికి రాలేదో తెలిశాక ఈ దేశంలో మూడో ప్రశ్న అడగాల్సిన పనేముంది?

టీవీ ఇంటిని తూచింది. ఫోను మనిషిని తూస్తుంది. ఎక్కడుంటాం, ఏ ఫోను కొన్నాం, రాత్రి ఎంతసేపు ఏం చూశాం, అన్నీ దానికి కావాలి. టీవీలో పాడు ప్రకటన వస్తే వాడంతా ఒకేసారి చూసేది, ఒకేసారి తిట్టేది. ఇప్పుడు ఊళ్లో ఫోనుకి ఇళ్ల స్థలాల ప్రకటన, వాడలో ఫోనుకి అప్పుల యాప్ ప్రకటన వచ్చిందే అనుకోండి, ఆ తేడా పట్టుకునేదెవరు?

ఇక ఆ తెర మీదకి వచ్చిన ప్రకటన ఒకటి తీసుకుందాం. 2023 జూన్ 5, పర్యావరణ దినం నాడు తిండి చేరవేసే జొమాటో కంపెనీ ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన వదిలింది. 2001 నాటి 'లగాన్'లో కచరా పాత్ర వేసిన నటుణ్ణే తెచ్చి దీపంగా, కాగితంగా, మొక్కలకి నీళ్లుపోసే క్యానుగా చూపించింది. కచరా అంటే చెత్త. చెత్తని మళ్లీ వాడుకోవచ్చన్నది సందేశమట! సినిమాలోనే కచరాకి సొంత నోరు అంతంత మాత్రం. అంటరానివాడు మాతో ఆడటమేమిటని ఊరంటే, అతని తరఫున మాట్లాడింది నాయకుడు. అతని వంకర చెయ్యి బంతిని తిప్పుతుంది గనక జట్టులో చోటు దొరికింది. పనికొస్తేనే మనిషి అన్నమాట. ఇరవై రెండేళ్ల తర్వాత ప్రకటన ఆ మనిషిని కూడా తీసేసి వస్తువుని మిగిల్చింది. దళితుణ్ణి కడిగి, శుద్ధిచేసి, తమ ఇంటికి పనికొచ్చేలా మలుచుకుందామనే పాత సంస్కర్తల చూపుకీ దీనికీ ఏం తేడా ఉంది? చెత్త గురించిన ఆ ప్రకటనకి చెత్త ఎత్తే చేతులు గుర్తుకే రాలేదు. (2024 మార్చిలో శాకాహారం మోసేవాళ్లకి పచ్చ దుస్తులు వేస్తామని ప్రకటించి, మర్నాడే వెనక్కి తగ్గిందీ ఇదే కంపెనీ.)

విమర్శలు రాగానే ప్రకటనని తీసేశారు. కొన్ని సముదాయాల మనోభావాలు నొచ్చి ఉండొచ్చన్నారు. నొచ్చింది మనోభావాలట! ఆ విమర్శ కూడా ఫోన్లలోంచే వచ్చింది, కాదనం. కానీ మనకొచ్చిన నోరు తీసేయించడానికి పనికొచ్చింది, రాసే గదిలో కూర్చోడానికి పనికిరాలేదు. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ 2019 అధ్యయనంలో వార్తాసంస్థల 121 పెద్ద పదవుల్లో 106 అగ్రకులాలవే. దళితులు, ఆదివాసులు సున్నా. ప్రకటనల కంపెనీలూ తమ లెక్క చెప్పాలి.

'జై భీమ్' ఇంటర్నెట్‌లోనే కదా వచ్చింది అనొచ్చు. 2021 నవంబరులో ప్రైమ్ వీడియోలో వచ్చింది, సంతోషమే. 2025 జూన్ 17 నుంచి ఆ ప్రైమ్‌లోనూ ప్రకటనలు వద్దనుకుంటే అదనంగా కట్టాలన్నారు, అప్పట్లో ఏడాదికి 699 రూపాయలు. కట్టలేనివాళ్లు చూడాల్సిందే.

మన విద్యార్థులు చేయగల పని ఒకటుంది. ఒక ఊళ్లో పది ఫోన్లు, దాని వాడలో పది ఫోన్లు, వారం రోజులు. ఎవరి ఫోనుకి ఏ ప్రకటన వచ్చిందో నోటుబుక్కులో రాయాలి. ఆ నోటుబుక్కులు మాకు పంపండి.