అరికాళ్ల మంట ఎక్కడ పుడుతోంది?

రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గింది. మనిషి తేరుకుని కూలికి పోతున్నాడు. అయినా రాత్రయితే పాదాలు తడిగుడ్డ మీద పెట్టుకుని కూచుంటాడు. హెచ్‌ఐవీతో బతుకుతున్న అనంతపురం పల్లెజనం దగ్గర నేను ఎక్కువగా విన్న మాట: "మంటలెత్తుతాండాయి సార్, కలుపు తీసీ తీసీ అట్లయిందేమో." నొప్పికి మూలం వెతికే నా పనికి మొదటి అడ్డు ఆ 'ఏమో'నే. ఈ కరువు నేల మీద కాళ్లు నొయ్యడం రోగమని ఎవరనుకుంటారు?

మూలం మాత్రం లోపలెక్కడో ఉంటుంది. వైరస్ నరకణంలో చొరబడనక్కర్లేదు. దాని పైపొరలోని జీపీ120 ప్రొటీన్ నరాలకూ, వాటిని చుట్టుకున్న కణాలకూ తగులుకుంటే చాలు, మంట పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి. ఇక మందుల సంగతి. 2004 ఏప్రిల్‌లో మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపు చేసే మందుల చికిత్స) మొదలైన రోజుల్లో చవకైన స్టావుడిన్ ఎందరినో నిలబెట్టింది. అదే మందు నరాల్లోని మైటోకాండ్రియా తన డీఎన్‌ఏకు నకలు తీసుకోకుండా అడ్డుపడింది. నడుం దగ్గరి నరకణం నుంచి కాలివేలి దాకా దాదాపు మీటరు పొడవు పోగు. శక్తి చాలకపోతే తుంగభద్ర హెచ్చెల్సీ కాలువ చివరి ఆయకట్టులాగా ముందు ఎండేది పాదమే. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మానమంది. మందు పోయినా కొందరికి మంట పోలేదు.

తీరా ఒక మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుంటే అన్నీ కలగాపులగమే. పాత స్టావుడిన్, బీ6 విటమిన్‌ను హరించే టీబీ మాత్ర ఐసోనియాజిడ్, షుగరు, సారా, చాలీచాలని తిండి. ఏ మంట దేనిదో విడదీయడమే అసలు పని. సెకనుకు 128 కంపనాల ట్యూనింగ్ ఫోర్కు, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చేతిలో ఉంటాయి. పొలంలో కాయలు కాసిన అరికాలికి ఆ పోగు తెలియదు, అందుకే బొటనవేలి పైభాగాన తాకించి చూస్తాను. చీలమండ పైన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి అందులోని సన్న నరాల పోగులు లెక్కపెట్టొచ్చు. కానీ ఆ మాట ఎత్తగానే "మళ్లీ కోస్తారా సామీ" అంటారు. అనరా మరి!

ఇలా విడదీయాలంటే ముందు రోగి మందుల చరిత్ర కావాలి. బత్తలపల్లిలోని ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రిలో, ఆ సంస్థ స్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ పేరిట హెచ్‌ఐవీ రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఉంది. ఎవరు ఎప్పుడొచ్చారు, ఏ మందు వాడారు, ఎవరు రావడం మానేశారు అన్న వివరాలు అలాంటి చోటే దొరుకుతాయి. ఆ చరిత్ర చేతిలో లేకుండా ల్యాబులో అణువులు వెతకడం దండగని నా అభిప్రాయం.

ఏఆర్‌టీ వాడుతున్నవారికి ఒక మనవి. మంటకు భయపడి మాత్రలు మానకండి. ఈసారి ఏఆర్‌టీ సెంటరుకు పోయినప్పుడు, వాళ్లు అడగకపోయినా, పాదాల సంగతి చెప్పండి.