పదో పళ్ళెం

రిన్ చుపెకో రాసిన 'ద గర్ల్ ఫ్రమ్ ద వెల్' (2014) కుర్రకారు కోసం వచ్చిన దెయ్యం నవల. దానికి మూలం జపాన్ జానపద కథ. పది పళ్ళేలలో ఒకటి పోగొట్టిందన్న నింద మీద పడి చచ్చిపోయిన ఓకికు అనే పనిపిల్ల, రాత్రిళ్ళు బావిలోంచి తొమ్మిది దాకా లెక్కపెట్టి ఏడుస్తుంది.

నవల్లో కథ చెప్పేది ఓకికూనే. నాకు బాగా నచ్చింది ఇదే. మన కథల్లో దెయ్యాన్ని చూసి జడుసుకున్నవాళ్ళే మాట్లాడతారు. దెయ్యానికి "నేను" అనే అవకాశం రాదు. ఇక్కడ ఆమె కనబడ్డవన్నీ లెక్కపెడుతుంది. తొమ్మిది వస్తే తట్టుకోలేదు.

అయితే, పిల్లల్ని చంపినవాళ్ళని వెతికి చంపే పనిలో పడ్డాక, పళ్ళెం కన్నా పనిపిల్ల ప్రాణం చవకైన ఆ పాత ఇల్లు వెనక్కి పోయింది. హంతకుల్ని అసహ్యించుకోడం సులువు. పరువుగల యజమానుల్ని ఏం చెయ్యాలి? నవల ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగదు.

జానపద కథ ఆగుతుంది. ఒక కథనంలో, ఆమె తొమ్మిది అనగానే ఎవరో "పది!" అని అరుస్తారు. ఆమె శాంతిస్తుంది. మా నరసన్నపేటలో ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. ఆవిడెవరో, ఎందుకొస్తోందో ఎవరూ అడగలేదు. వాయిదా వేశాం. కొందరు చచ్చినవాళ్ళకి పసుపు రాసి పేరంటాలమ్మని చేసి మొక్కాం. బతికుండగా వాళ్ళ లెక్క ఎవరు చూశారు?

ఈ నవల చదవండి. ముందు ఆ పాత కథ తెలుసుకుని చదవండి.