చేతి లెక్క వేరు, బుద్ధి లెక్క వేరు

ఒక పెద్దాయన రాసిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగి వచ్చిందనుకుందాం. ఆయనకు పార్కిన్సన్స్ వచ్చి చాలా ఏళ్లయింది. ఆ జబ్బులో అక్షరాలు రాను రాను చిన్నవైపోతాయి, సంతకం పాత నమూనాతో కలవదు. చెక్కు అందుకే తిరిగి వచ్చి ఉండొచ్చు. లేదా ఖాతాలో ఎంత మిగిలిందో లెక్క తెగక, ఉన్నదానికి మించి రాసి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు ఈ రెండింటినీ ఒకే మాటతో చెబుతారు: ‘‘ఇక బ్యాంకు పనులు నాన్న వల్ల కావడం లేదండీ.’’ డాక్టరు ఆ మాటను అలాగే కేసు షీటులోకి ఎక్కిస్తే, చెయ్యి చేసిన తప్పు బుద్ధి ఖాతాలో పడుతుంది.

ఈ రెండు ఖాతాలూ కలిసిపోకుండా చూడటానికి తయారైన ఒక ప్రశ్నపత్రం ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. దాని పేరు పొడుగు, వాడుకలో పీడీఏక్యూ-15 అంటారు. మొత్తం 15 ప్రశ్నలు. చూస్తే ఇంత మామూలు కాగితం ఇంకోటి ఉండదనిపిస్తుంది. నాకు మాత్రం వైద్యంలో చూసిన మంచి పనితనాల్లో ఇదొకటి.

దీని అవసరం ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వర్ణించినప్పుడు తెలివితేటలు చెడవనే రాశాడు. అది నిజం కాదని తరవాత తేలింది. చాలామందిలో జబ్బు ముదిరే కొద్దీ ఆలోచనా శక్తి కూడా తగ్గుతుంది, కొందరిలో అది డిమెన్షియా దాకా వెళుతుంది. మరి తగ్గుదల ఎక్కడ ఆగి డిమెన్షియా ఎక్కడ మొదలవుతుంది? జ్ఞాపకశక్తి పరీక్షల్లో వచ్చిన మార్కులతోనే ఆ గీత గీయరు. కదలిక జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2007లో పెట్టిన ప్రమాణాల ప్రకారం, ఆలోచనలోని లోపం రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తుంటేనే డిమెన్షియా. ఆ దెబ్బ వణుకు వల్లో, బిగుతు వల్లో తగిలినదైతే లెక్కలోకి రాదు. 2012లో అదే సంఘం స్వల్ప తగ్గుదలకు ప్రమాణాలు రాస్తూ, చిక్కు పనుల్లో కాస్త తడబాటు ఉన్నా సొంతంగా బతకగలిగితే అది డిమెన్షియా కాదంది. అంటే గీత గీసేది పరీక్ష గదిలో కాదు, ఇంట్లో. ఇంట్లో జరిగేది డాక్టరు కంటికి కనబడదు. అడిగి తెలుసుకోవాల్సిందే. ఎలా అడగాలన్నదే ఇక్కడి పనంతా.

అంతకు ముందున్న కొలబద్దలకు ఈ విడదీత చేతకాలేదు. 1969లో ష్వాబ్, ఇంగ్లండ్ పేర్లతో వచ్చిన కొలత పార్కిన్సన్స్ రోగి ఎంతవరకు సొంతంగా పనులు చేసుకోగలడో నూటికి ఇంత అని చెబుతుంది. పనికి రెట్టింపు సమయం పడుతోందా అని చూస్తుంది. ఎందుకు పడుతోందని అడగదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా, చొక్కా ఎటు తిప్పి వేసుకోవాలో తోచక పది నిమిషాలు పట్టినా దానికి ఒకటే. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో లాటన్, బ్రోడీ వృద్ధుల కోసం ఎనిమిది పనుల పట్టిక తయారుచేశారు: ఫోను, బజారు, వంట, ఇల్లు సర్దడం, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు. ఆడవాళ్లకు ఎనిమిదీ లెక్కేసి, మగవాళ్లకు వంట, ఇల్లు, ఉతుకుడు తీసేసి ఐదే లెక్కేసేవారు. అమెరికా వాళ్ల సంసారాలూ మనకేం తీసిపోలేదన్నమాట. ఆ పట్టిక ఇప్పటికీ పనికొస్తోంది. కానీ పార్కిన్సన్స్ మనిషికి పెడితే, చెయ్యి వణికి కూర తరగలేకపోయినా మతి పోయినట్టే మార్కు పడే ప్రమాదం ఉంది.

ఇప్పుడు 15 ప్రశ్నల కాగితం తెరుద్దాం. పేపరో పత్రికో చదవడం. టైము ఎంతయిందో గుర్తుంచుకుంటూ ఉండటం. కొన్నదానికి సరిగ్గా డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం. నాలుగైదు పనులు కాగితం మీద రాసుకోకుండా గుర్తుపెట్టుకోవడం. మెట్లు మెట్లుగా చేసే పనిని ఇంకొకరికి వివరించి చెప్పడం. ఎప్పుడూ ఎదురవని సమస్య వస్తే తట్టుకోవడం. మ్యాపు చూసి దారి పట్టడం. ఒకేసారి రెండు పనులు చేయడం. మొదలుపెట్టిన ఆలోచనను మధ్యలో వదలకుండా చివరికంటా తీసుకెళ్లడం. టీవీలో చూసినదాని గురించో, లోకంలో జరుగుతున్నదాని గురించో మాట్లాడటం. ఇలా సాగుతుంది.

ఇందులో లేనివాటిని చూడండి. గుండీలు లేవు. అన్నం కలుపుకోవడం లేదు. స్నానం లేదు, మెట్లెక్కడం లేదు, రాయడం లేదు. పార్కిన్సన్స్ అనగానే ఎవరికైనా మొదట తోచే పనులన్నీ పక్కకు పోయాయి. ఉన్న క్రియాపదాలు గుర్తుంచుకోవడం, వివరించడం, అర్థం చేసుకోవడం, మాట్లాడటం. మంచానికే పరిమితమైన మనిషి కూడా ‘టీవీ వార్తల గురించి మాట్లాడటం కష్టమా?’ అన్న ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకోవచ్చు. చేతిని దాటి బుద్ధిని పలకరించే ప్రశ్న అంటే అదీ.

ప్రశ్నల ఏరిక అంతటితో ఆగలేదు. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు చెడేది జ్ఞాపకం. పార్కిన్సన్స్‌లో చాలామందికి ముందుగా చెడేవి ప్రణాళిక వేసుకోవడం, దృష్టి నిలపడం, ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లడం, కంటితో చూసిన స్థలాన్ని మనసులో పేర్చుకోవడం. అందుకే ఈ కాగితంలో మ్యాపు ఉంది, కొత్త సమస్య ఉంది, రెండు పనులు ఒకేసారి ఉన్నాయి. ‘మతిమరుపు ఉందా?’ అని అడిగి ఊరుకుంటే దొరకనివి ఇవన్నీ. ‘ఇవాళ ఏ నెల, ఏ తేదీ?’ లాంటి తేలిక ప్రశ్నా ఉంది. కొత్తగా కొన్న సామాను వాడటం నేర్చుకోవడమనే కష్టమైనదీ ఉంది. సన్నగా తగ్గినవాడు కష్టమైన చోట తడబడతాడు, బాగా తగ్గినవాడు తేలికైన చోట కూడా. ఈ మెట్లు ఊహించి వేసినవి కావు. మొదట 50 ప్రశ్నలతో పెద్ద పత్రం ఉండేది. రోగులకూ వాళ్లను ఎరిగినవాళ్లకూ పెట్టి, ఏ ప్రశ్న ఏ స్థాయి మనిషిని విడదీస్తోందో గణితంతో తూచి, 2016 నాటికి 15కి దించారు. కంసాలి త్రాసులో గురిగింజ ఎత్తు తేడా ఎంత ముఖ్యమో, ఇక్కడ ఒక ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య ఉన్న కష్టం తేడా అంత ముఖ్యం. ఒక్కో ప్రశ్నకు ఐదు జవాబులు, ‘ఏ కష్టమూ లేదు’ నుంచి ‘అసలు చేయలేరు’ దాకా. మార్కులు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి, అన్నీ కలిపితే గరిష్ఠంగా 60.

అతుకులు కనబడవా అంటే, కనబడతాయి. డబ్బు లెక్కపెట్టడానికి వేళ్లు కావాలి. కొత్త సామానుకు బటన్లు నొక్కాలి. ఒకేసారి రెండు పనులంటే, నడుస్తూ మాట్లాడటం కూడా అందులో పడుతుంది, పార్కిన్సన్స్‌లో అది కాళ్ల సమస్యో తల సమస్యో నిపుణులకే చటుక్కున తేలదు. పైగా ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్న గంటలో ఉన్న మనిషీ, దాని ప్రభావం దిగిపోయిన గంటలో ఉన్న మనిషీ ఒక్కరు కారు. జవాబు చెప్పేవారి కళ్ల ముందు ఏ గంట మెదులుతుందో చెప్పలేం. చేతినీ బుద్ధినీ నూటికి నూరుపాళ్లు విడదీసే ప్రశ్న బహుశా రాయలేం. ఎంత దగ్గరికి వచ్చారన్నదే పనితనం.

ఇంకో పనిముట్టు ఉంది, దీనికంటే చిన్నది. ఆ అంతర్జాతీయ సంఘమే 2007లో సాధారణ వైద్యుల కోసం పెట్టిన మాత్రల ప్రశ్న. ‘మీరు పార్కిన్సన్స్‌కి ఏ మాత్రలు వేసుకుంటారు, ఎంతెంత, ఏయే వేళల్లో?’ అంతే. మోతాదు మిల్లీగ్రాముల్లో చెప్పనక్కర్లేదు, మాత్ర రంగు చెప్పినా చాలు. రోగి తడుముకోకుండా చెప్పేస్తే రోజువారీ జీవితం దెబ్బతినలేదని తీసుకుంటారు. డాక్టరు కాస్త అందిస్తే చెప్పగలిగి, పర్యవేక్షణ లేకుండా రోజూ సరిగ్గా వేసుకుంటున్నారని ఇంట్లోవాళ్లు పూచీ పడితే, అదీ సరే. అందించినా చెప్పలేకపోతే, లేదా పక్కన ఒకరు ఉండక తప్పదని ఇంట్లోవాళ్లే చెబితే, దెబ్బ తగిలినట్టే. పార్కిన్సన్స్ మనిషి జీవితం మొత్తం మాత్రల గంటల చుట్టూ తిరుగుతుంది కాబట్టి, జబ్బే తన పరీక్షను తయారుచేసి పెట్టినట్టయింది. ఈ తెలివికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కానీ మన ఇళ్లలో ఈ ప్రశ్న జారిపోతుంది. ఇంటి పెద్దాయనకు మతి పదిలంగా ఉన్న రోజుల్లో కూడా మాత్రలు విప్పి, నీళ్లగ్లాసుతో చేతికిచ్చింది భార్యే అయితే, ఆయనకు వాటి రంగు తెలియకపోవడం జబ్బు కాదు, అలవాటు. బ్యాంకు గుమ్మం ఎన్నడూ తొక్కని అమ్మమ్మను ‘మీ డబ్బు వ్యవహారాలు మీకు అర్థమవుతున్నాయా?’ అని అడగడమూ అంతే. ‘చేయలేరు’ వేరు, ‘ఎప్పుడూ చేయలేదు’ వేరు. బార్సిలోనాలోని సంత్ పావ్ ఆసుపత్రి వైద్యులు 2013లో ఇదే పనికి 12 ప్రశ్నల పట్టిక చేసినప్పుడు, ఆ పని జీవితంలో ఎన్నడూ చేయనివారి కోసం వేరే జవాబు పెట్టారు. చిన్న గడి, పెద్ద ఆలోచన.

జవాబు ఎవరు చెప్పాలన్నది మరో చిక్కు. తగ్గుదల మొదలైన మనిషికి తన తగ్గుదల పూర్తిగా తెలియకపోవచ్చు. అలాగని భార్యనో కోడలినో అడిగితే, రాత్రిళ్లు నిద్రలేక అలసిపోయిన మనిషికి ప్రతి కష్టమూ ఒక మెట్టు పెద్దదిగా కనబడొచ్చు. రోగి చెప్పినదీ ఇంట్లోవాళ్లు చెప్పినదీ రెండూ తీసుకుని, ఎక్కడ పొసగలేదో చూసే డాక్టరే ఈ కాగితాన్ని సరిగ్గా వాడినట్టు.

ఈ ప్రశ్నలను మన దగ్గర అడగాలంటే మాటకు మాట మారిస్తే సరిపోదు. దానికి దేశంలోనే ముందు నడిచినవాళ్లున్నారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం తయారైన రోజువారీ సామర్థ్యాల పట్టిక 1999లో అచ్చయింది. అందులో చెక్కులూ లేవు, మ్యాపులూ లేవు. ఇంట్లో పెళ్లి లాంటి ముఖ్య విషయాల్లో తన మాట చెబుతారా, హోలీ, దీపావళి గుర్తుంటాయా అని అడిగారు. అది డిమెన్షియా కోసం చేసినది, పార్కిన్సన్స్ కోసం కాదు. అయినా దారి చూపించింది.

ఆ దారిన పోతే తెలుగులో మ్యాపు ప్రశ్న స్థానంలో ఏం పెట్టాలి? మనవాళ్లు మ్యాపు చూడరు, దారినపోయేవాళ్లను అడుగుతారు. ‘వినాయకుడి గుడి దాటాక ఎడమ సందు, నీళ్ల ట్యాంకు ఎదురిల్లు’ అని ఎవరో చెప్పింది మనసులో పేర్చుకుని, తప్పిపోకుండా ఇంటికి చేరగలరా అని అడగొచ్చు. మ్యాపు పరీక్షించే శక్తిలో కొంత అందులోనూ ఉంది, విన్నది గుర్తుంచుకునే పని అదనంగా చేరుతుంది. కాబట్టి కష్టం అంతే ఉండకపోవచ్చు. ఆ ప్రశ్న కూడా మన రోగుల మీద, మన ఇళ్లవాళ్ల మీద మళ్లీ మొదటి నుంచి తూకానికి నిలబడాలి.