సిలువ, మ్రాను: జేమ్స్ కోన్ రచనలో జాతి చరిత్ర – విశ్వాసం – న్యాయం

వ్యాససంగ్రహం:
అమెరికా నల్లజాతి వేదాంతానికి ఆద్యుడిగా గుర్తింపు పొందిన జేమ్స్ కోన్ 2011లో 'ది క్రాస్ అండ్ ది లించింగ్ ట్రీ' అనే గ్రంథాన్ని వెలువరించాడు. యేసును వేలాడదీసిన సిలువను, నల్లవారిని మూకలు ఉరితీసిన చెట్టును పక్కపక్కన నిలిపి చదవడం ఈ గ్రంథ పద్ధతి. ఆ పోలిక బలాన్ని, పరిమితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇది బాధను పవిత్రం చేస్తుందన్న ఆక్షేపణకు కోన్ నేరుగా ఇచ్చిన సమాధానం కంటె, అదే గ్రంథంలోని మేమీ టిల్ వృత్తాంతం గట్టి సమాధానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నల్లజాతి వేదాంతం, జేమ్స్ కోన్, సిలువ, మూకహత్య, మేమీ టిల్, దళిత వేదాంతం, జాషువ.

ఉపోద్ఘాతం:
తెలుగు బైబిలులో యేసు మరణసాధనానికి రెండు పేర్లున్నాయి. సువార్తలలో అది 'సిలువ'. అపొస్తలుల కార్యములలోను, గలతీయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయంలోను దానినే 'మ్రాను' అన్నారు. మొదటి పదం శతాబ్దాల ఆరాధనలో నలిగి, గుడి గోపురం మీది గుర్తుగా, మెడలోని నగగా మారింది. రెండవ పదం అలా మారలేదు. అది నేటికీ చెట్టుకు వేలాడే మనిషి దేహాన్నే గుర్తుకు తెస్తుంది. కోన్ గ్రంథం చేసిన పనిని తెలుగులో క్లుప్తంగా చెప్పాలంటే, సిలువ అన్న పదం వెనుక మరుగునపడిన మ్రానును మళ్లీ చూపించడమే.

గ్రంథ నేపథ్యం:
కోన్ 1938లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టి, అక్కడి బేర్డెన్ అనే చిన్న ఊరిలో పెరిగాడు. ఆయన కుటుంబం ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘానికి చెందినది. ఫిలడెల్ఫియాలోని ఒక మెథడిస్ట్ దేవాలయంలో మోకరిల్లి ప్రార్థిస్తున్న నల్లవారిని లేపి పంపిన ఘటన ఆ సంఘచరిత్రకు మూలం. రిచర్డ్ అలెన్ నాయకత్వంలో 1816లో అది స్వతంత్ర సంఘంగా ఏర్పడింది. ఒకే దేవునికి రెండు వేర్వేరు గుళ్లు ఎందుకు అవసరమయ్యాయన్న ప్రశ్న, ఆ విధంగా, కోన్‌కు పుట్టుకతోనే ఎదురైంది. 1969లో 'బ్లాక్ థియాలజీ అండ్ బ్లాక్ పవర్' గ్రంథంతో ఆయన ఆ ప్రశ్నను వేదాంత రంగంలోకి తెచ్చాడు. నాలుగు దశాబ్దాల తరువాత వచ్చిన ప్రస్తుత గ్రంథంలో ఆ తొలినాటి ఆగ్రహం చల్లారలేదు, కాని చరిత్ర సాక్ష్యం తోడై నిలకడ పొందింది.

పౌరయుద్ధం ముగిసి, బానిసత్వం చట్టరీత్యా రద్దయిన తరువాత దక్షిణాది రాష్ట్రాలలో మూకహత్యలు ఒక వ్యవస్థగా స్థిరపడ్డాయి. 1880–1940 మధ్య వీటికి బలైన నల్లవారు దాదాపు ఐదువేల మంది అని కోన్ లెక్క. 1899లో జార్జియాలో శామ్ హోస్‌ను ఒక ఆదివారం నాడు వేల మంది చూస్తుండగా సజీవదహనం చేశారు. ఆ దృశ్యం చూడడానికి అట్లాంటా నుంచి జనం ప్రత్యేక రైళ్లలో వెళ్లారు. క్రైస్తవం బలంగా వేళ్లూనిన సమాజంలోనే ఇది జరిగిందన్నది కోన్ వాదానికి ఆధారశిల.

చూడలేకపోయిన వేదాంతి:
గ్రంథంలో అత్యంత సూక్ష్మమైన విమర్శ రీన్‌హోల్డ్ నీబర్‌ను గురించినది. నీబర్ ఇరవయ్యవ శతాబ్ది అమెరికా వేదాంతులలో అగ్రగణ్యుడు. కోన్ బోధించిన న్యూయార్క్ యూనియన్ సెమినరీలోనే ఆయన 1928 నుంచి బోధించాడు. 1932 నాటి 'మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ'లో జాతి అన్యాయాన్ని ప్రస్తావించాడు కూడా. సిలువను గురించి ఆయనంత లోతుగా ఆలోచించిన అమెరికన్లు తక్కువ. అయినా తన కాలంలో, తన దేశంలో చెట్లకు వేలాడుతున్న దేహాలను ఆ సిలువతో కలిపి ఆయన చూడలేదు.

ఇక్కడ కోన్ నీబర్‌ను దుర్మార్గుడిగా చిత్రించడు. ఆయన పాండిత్యాన్ని గౌరవిస్తూనే, ఆ లోపం మూలాన్ని వెదుకుతాడు. నీబర్‌కు సమాచారం కొరవడలేదు. నల్లవారి బాధను తన బాధగా తీసుకోగల సహానుభూతి కొరవడిందని ఆయన నిర్ణయం. దీని ఫలితంగా గ్రంథంలోని ప్రశ్న వ్యక్తినీతిని దాటి వ్యాఖ్యానశాస్త్రానికి చేరుతుంది. ఒక ప్రతీకను ఎక్కడ నిలబడి చదువుతున్నామన్నది దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. నేలను విడిచిన వ్యాఖ్యానం ఎంత గంభీరమైనదైనా, కళ్లెదుటి శవాన్ని దాటిపోగలదు.

నీబర్ చూడనిది కవులు, కథకులు చూశారు. డుబాయిస్ 1920లో, కౌంటీ కల్లెన్ 1922లో, లాంగ్‌స్టన్ హ్యూస్ 1931లో తమ రచనలలో క్రీస్తును దక్షిణాదిలోని నల్లవాడిగా నిలిపారు. వీరిలో సంప్రదాయ విశ్వాసులు కానివారూ ఉన్నారు. గుడిలోని వేదిక పలకని సత్యాన్ని గుడి బయటి సాహిత్యం పలికిందని కోన్ ఒప్పుకోవడం ఒక వేదాంతిగా ఆయన నిజాయితీకి నిదర్శనం. సాహిత్య పరిశోధకులకు ఈ అధ్యాయం ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. ఇందులో సాహిత్యం వేదాంతానికి ఉదాహరణగా కాక, దానిని సరిదిద్దే ప్రమాణంగా నిలుస్తుంది.

పోలికలోని చిక్కు:
కోన్ పోలికలో రెండు అంతస్తులున్నాయి. మొదటిది చారిత్రకం. రోమన్ సిలువ, అమెరికన్ ఉరిచెట్టు రెండూ బహిరంగ ప్రదర్శనలు. రెండూ ఒక వ్యక్తిని చంపి ఒక సమూహాన్ని భయపెట్టడానికి ఉద్దేశించినవి. ఇది సాక్ష్యాధారాలతో నిరూపించదగిన విషయం. రెండవది విశ్వాసపరం. సిలువ మీది వానితో దేవుడున్నట్టే, చెట్టుకు వేలాడినవారితోనూ దేవుడున్నాడన్నది ఆ విశ్వాసం. మొదటి అంతస్తు గట్టిగా ఉన్నంత మాత్రాన రెండవది దానంతట అదే నిలబడదు. కోన్ కొన్నిచోట్ల ఒకదాని నుంచి మరొకదానికి మెట్టు చూపకుండానే దాటుతాడు.

ఈ చిక్కును ముందే పట్టుకున్నది డెలోరెస్ విలియమ్స్. 1993లో వచ్చిన 'సిస్టర్స్ ఇన్ ది వైల్డర్‌నెస్' గ్రంథంలో ఆమె హాగరు కథను కేంద్రంగా తీసుకుంది. నల్లజాతి స్త్రీలు తరతరాలుగా ఇతరుల బదులు చాకిరీ చేశారు, ఇతరుల పిల్లలను కన్నారు, పెంచారు. మరొకరి బదులు బాధపడడమే రక్షణమార్గమని సిలువ బోధిస్తే, ఆ స్త్రీల దోపిడీకి పవిత్రత చేకూరుతుందని ఆమె ఆక్షేపణ. కోన్ దీనిని దాటవేయడు. బాధలో స్వతహాగా విమోచన లేదని అంగీకరిస్తాడు. సిలువ బాధను కీర్తించేది కాదని, అధికారాన్ని ప్రశ్నించేదని అంటాడు. అయితే ఇది నిర్వచనం మాత్రమే. సిలువను నమ్మే సామాన్య విశ్వాసి జీవితంలో ఆ తేడా ఎలా తెలుస్తుందో ఈ సమాధానం చెప్పదు.

మేమీ టిల్ చూపిన తేడా:
ఆ తేడా గ్రంథంలోనే మరొకచోట ఉంది. 1955 ఆగస్టులో షికాగో నుంచి మిసిసిపీలోని బంధువుల ఇంటికి వెళ్లిన పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను హత్యచేసి తల్లహాచీ నదిలో పడవేశారు. శవం షికాగో చేరినప్పుడు తల్లి మేమీ టిల్ పేటిక మూతను తెరిచే ఉంచాలని పట్టుబట్టింది. గుర్తుపట్టలేనట్టుగా ఛిద్రమైన ఆ ముఖాన్ని దేవాలయంలో వేలాది జనం చూశారు. నల్లవారి పత్రికలు ఆ ఛాయాచిత్రాలు ప్రచురించాయి. నిందితులను అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ సుమారు గంట సేపు చర్చించి నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ ఏడాది డిసెంబరులోనే మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ మొదలైంది.

ఇక్కడ జరిగింది బాధను మౌనంగా భరించడం కాదు. తల్లి ఆ బాధను లోకం చూసి తీరవలసిన సాక్ష్యంగా మార్చింది. మూకహత్య ఉద్దేశం నల్లవారిని భయపెట్టి నోరు మూయించడం. అదే దేహం ప్రదర్శన ఆమె చేతిలో హంతకులపై అభియోగమైంది. విలియమ్స్ ఆక్షేపించినది బాధను భరించే సిలువను, మేమీ టిల్ నిలబెట్టినది బాధను చూపించే సిలువను. ఈ విభజనను కోన్ సిద్ధాంతంగా తీర్చిదిద్ది ఉంటే గ్రంథం మరింత బలపడేది.

తెలుగు పఠనానికి సంబంధం:
ఈ గ్రంథాన్ని తెలుగులో చదవడానికి కారణం సామ్యం ఒక్కటే కాదు, చారిత్రక సంబంధం కూడా. 1972లో ఏర్పడిన దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా నల్లవారి ఉద్యమం నుంచే తీసుకుంది. 1980లలో ఎ.పి. నిర్మల్ మొదలైనవారు రూపొందించిన దళిత వేదాంతానికి నల్లజాతి వేదాంతం ఒక ప్రేరణ. అయినా కులం, జాతి ఒకటి కావు. అమెరికాలో రంగు కంటికి కనబడుతుంది, ఇక్కడ ఊరు, వాడ, ఇంటిపేరు చెప్పాలి. పోలికను వాడేటప్పుడు ఈ తేడాను మరవకూడదు.

గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. బాధితుల వాడలో క్రైస్తవ విశ్వాసులు ఎందరో ఉన్నారు. మృతులను ఊరి మధ్యనే పాతిపెట్టి, ఆ స్థలానికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం విధించిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దుచేసింది. తీర్పులు మారినా సమాధులు ఊరి నడుమనే ఉన్నాయి. మేమీ టిల్ తెరిచి ఉంచిన పేటికకు, ఊరి వెలుపలికి పోవడానికి నిరాకరించిన ఈ సమాధులకు ఉద్దేశం ఒకటే, చూడనొల్లని వారి చేత చూపించడం.

సాహిత్యంలో ఈ ప్రశ్న జాషువ వద్దకు చేరుతుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువ 1941 నాటి 'గబ్బిలం'లో అస్పృశ్యుని మొరను శివునికి పంపాడు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం పొందాడు. ఒకే కవి రాసిన అస్పృశ్యుని వేదన, క్రీస్తు వేదన రెండు వేర్వేరు కావ్యాలలో ఉన్నాయి. ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలిపి చదవడానికి కోన్ పద్ధతి దారి చూపుతుంది.

ముగింపు:
విశ్వాసం చరిత్రను మరపించగలదు, గుర్తుచేయనూగలదు. 1899 నాటి ఆదివారపు జనసమూహానికీ, 1955 నాటి తల్లికీ సిలువ ఒకటే. వారు దానిని చదివిన చోటు వేరు. కోన్ గ్రంథం వేదాంతానికి పెట్టిన పరీక్ష ఇదే: అది తన కాలపు మృతులను పేరుపెట్టి పిలవగలదా? ఆ పరీక్షకు నిలవని విశ్వాసానికి సిలువ మిగులుతుంది గాని, మ్రాను కనబడదు.