గాజుతొట్టిలో చెరువు చేప

రంగుచేపల అంగడిలో వేలెడంత కోయి పిల్లను చూచి ముచ్చటపడని బాలు డుండడు. ఎరుపు తెలుపు మచ్చలతో మెరయు ఆ పిల్లను ఇంటికి తెచ్చి రెండడుగుల గాజుతొట్టిలో వదలుదురు. "ఇది పెద్దదగును గదా?" అని యడిగినచో, "తొట్టి యెంతో చేప అంతే పెరుగును" అని అమ్మువాడు చెప్పును. ఈ మాట పాఠశాలలలో సైతము వినబడుచుండును. ఇందలి సత్య మెంతయో విచారింపదగును.

కోయి యనగా బంగారుతీగ చేపకు రంగుల రూపము. 19వ శతాబ్దిలో జపానునందలి నీగాటా ప్రాంతపు రైతులు, ఆహారమునకై పెంచు చేపలలో రంగు మచ్చలు గలవానిని ఏరి, వాని సంతతిని వృద్ధిచేసిరి. పెరిగిన కోయి 60 సెంటీమీటర్ల పొడవుండును. సాధారణపు బంగారుచేప 30 సెంటీమీటర్ల వరకు పెరుగగలదు. 'షార్కు' అను పేర అమ్మబడు పంగాసియస్ పిల్ల నిజమునకు షార్కు కాదు. మెకాంగ్ నదికి చెందిన జెల్లజాతి చేప. ఆంధ్ర ప్రాంతపు చెరువులలో ఆహారమునకై పెంచుచున్న చేపయే యిది. ఒక మీటరుకు మించి పెరుగగలదు.

అమ్మువాని మాటలో కొంత నిజము లేకపోలేదు. పెక్కు చేపల పెరుగుదల, మనుష్యుల పెరుగుదలవలె, ఒక వయస్సున ఆగిపోదు. ఆహారము, ఉష్ణోగ్రత, నీటి శుభ్రతలనుబట్టి అది హెచ్చుతగ్గు లగుచుండును. ఇరుకైన మురికినీటిలో మందగించును. అయితే అది చేప తొట్టికి సర్దుకొనుట కాదు. తిండి చాలని బిడ్డ గిడసబారుట వంటిది. దీనిని 'అనుకూలనము' అని విద్యార్థికి బోధించుట తప్పు.

కొంచెము లెక్క వేసి చూతము. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో 54 లీటర్ల నీరు పట్టును. 5 సెంటీమీటర్ల పిల్ల అదే ఆకారముతో 15 సెంటీమీటర్లయినచో, దాని బరువు 27 రెట్లగును. ప్రాణవాయువు ఖర్చు అంతగా హెచ్చకపోయినను, పది రెట్లకు తగ్గదు. తొట్టి మాత్రము పెరుగదు. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. వేసవిలో చేపకు అవసరము హెచ్చును, నీటిలో నిలువ తగ్గును. అప్పుడు చేప పైకి వచ్చి నోరు తెరచి మూయుచుండగా, ఆడుచున్నదని పిల్లలు సంతోషింతురు. నిజమునకు దానికి ఊపిరాడుట లేదు.

అమ్మోనియా మరియొక ప్రమాదము. చేప దీనిని ముఖ్యముగా మొప్పలద్వారా విసర్జించును. గులకరాళ్లపైనను, వడపోత పరికరములోను నివసించు సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగను, పిమ్మట అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. ఇవి చాలినంతగా వృద్ధిచెందుటకు కొన్ని వారములు పట్టును. పెద్దచేప విడుచు మలినములకు చిన్నతొట్టిలోని యీ యేర్పాటు చాలదు.

తుదకు విసిగి, చేపను చెరువులో విడుచువారు కలరు. ఇది దయ వలె కనబడును గాని, పర్యవసానము దారుణము. గాజుకు పట్టిన పాచిని తినునని అమ్మబడు దక్షిణ అమెరికా 'సక్కరు' చేప యీ విధముగనే భారతదేశపు పెక్కు జలాశయములలో చేరినది. ఆంధ్ర ప్రాంతపు చేపలచెరువులలోను కనబడినది. గట్టి ఎముక పలకలు, ముండ్లు గల యీ చేపవలన వలలు చిరుగును.

పెద్దచేపలను పెంచగోరు పాఠశాల, ఆవరణలో నీడపట్టున, వడపోత యేర్పాటుతో వేల లీటర్ల సిమెంటు తొట్టి కట్టించుట మేలు. గదిలోని గాజుతొట్టికి జీబ్రాచేపలు తగును. ఇవి భారతదేశపు వాగులకు చెందినవి. పొడవు 4 సెంటీమీటర్లకు మించుట అరుదు. గుంపుగా జీవించును గనుక ఆరెనిమిదింటిని కలిపి పెంచవలెను. వీని గ్రుడ్లు పారదర్శకములు. లోపలి పిండమునందు గుండె కొట్టుకొనుటను సామాన్యపు సూక్ష్మదర్శినితో చూడవచ్చును. ప్రపంచమునందలి పెక్కు పరిశోధనాలయములు వీనిని పెంచుటకు ఇదియు నొక కారణము. ఊపిరాడని కోయిని చూచి నేర్చుదానికంటె విద్యార్థి వీనివలన నెక్కువ నేర్చును.

కావున, కొనుటకు ముందు ఉపాధ్యాయుడు విద్యార్థులచే రెండు కొలతలు వ్రాయించవలెను: తొట్టి పొడవు, పూర్తిగా పెరిగిన చేప పొడవు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన చూచిన పిదప, కొనవచ్చునో లేదో విద్యార్థులే చెప్పగలరు.