మందకన్నా ముందు మేత

అమెరికాలోని టెక్సస్‌లో భూమి కొని రాంచ్‌ను, అంటే విశాలమైన పచ్చిక బయళ్లలో ఆవులను మేపి దూడలను అమ్ముకునే వ్యాపారాన్ని, కొత్తగా మొదలుపెట్టేవారి మనసు ముందుగా మంద మీదికే పోతుంది గానీ, వారు ముందుగా నేర్వవలసింది తమ నేలలో ఏటా ఎంత గడ్డి పెరుగుతుందో లెక్కగట్టడం. అక్కడి మేత శాస్త్రంలో ‘పశు యూనిట్’ అనేది మూల కొలత. పాలు తాగే దూడ వెంట ఉన్న, సుమారు 450 కిలోల ఆవును ఒక యూనిట్‌గా తీసుకుని, దానికి రోజుకు దాదాపు 12 కిలోల ఎండు మేత కావాలని లెక్క వేస్తారు.

గడ్డి ఎదుగుదల ముగిసే వేళకు, పశువులు మేయని చోట చదరపు మీటరు చట్రాన్ని నేల మీద పరచి, అందులోని గడ్డిని మొదలంటా కోసి, ఎండబెట్టి తూచాలి; ఇలా పలుచోట్ల తూచగా సగటున 200 గ్రాములు తేలితే, ఎకరాకు సుమారు 800 కిలోల మేత ఉన్నట్టు. అయితే వేళ్లు బలపడడానికీ నేల కోతకు గురికాకుండా ఉండడానికీ సగం వదిలేయాలి, మరో పావు వంతు తొక్కుడుకూ పురుగులకూ పోతుంది కనుక, పశువు కడుపులోకి చేరేది 200 కిలోలే. ఆవుకు ఏడాదికి 4,380 కిలోలు కావాలి కాబట్టి దానికి దాదాపు 22 ఎకరాలు పడతాయి. 200 ఎకరాల ఆసామికి దక్కేది తొమ్మిది ఆవుల మంద. కొత్తవారికి ఈ లెక్క మింగుడుపడదు, కానీ కంచెల మీద, నీటి తొట్ల మీద డబ్బు పోయకముందే తెలియవలసిన నిజం ఇదే. అందుకే తొలి ఏళ్లలో సొంత మందకు పూనుకోకుండా, ఇతరుల పశువులను తలకు ఇంతని నెలవారీ రుసుముకు మేపుతూ నేల స్వభావాన్ని తెలుసుకోవడమే ఉత్తమమైన మార్గం.

లెక్క తప్పినా నష్టం వెంటనే కంటబడదు. ఆవు చూడి కాలం సుమారు 283 రోజులు కనుక, ఏటా దూడ దక్కాలంటే ఈనిన 80 రోజుల లోపే అది మళ్లీ చూడి కట్టాలి. బక్కచిక్కిన ఆవు సకాలంలో ఎదకు రాదు కాబట్టి, ఈ ఏటి మేత కొరత మరుసటి ఏడు దూడల లెక్కలో బయటపడుతుంది. మేలుజాతి కొంటే ఈ లోటు తీరుతుందనుకోవడం భ్రమ. అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో నెల్లూరు పేరుతో అక్కడికి చేరిన మన ఒంగోలు పశువుల రక్తం ఉంది, ఎండను తట్టుకునే గుణం ఉంది. అయినా ఆ జాతి ఆవు సైతం కడుపు నిండకుండా దూడను సాకలేదు.

2011 నాటి తీవ్రమైన కరవులో టెక్సస్ పెంపకందారులు ఎందరో ఏళ్లుగా తీర్చిదిద్దుకున్న మందలను తెగనమ్ముకోవలసి వచ్చింది. కాబట్టి వసంతపు వానలు ఫలానా తేదీకల్లా కురవకపోతే చూడి లేని ఆవులను, ముసలివాటిని ముందుగా అమ్మి మందను తగ్గించాలన్న నిర్ణయాన్ని, గడ్డి పచ్చగా ఉన్న రోజుల్లోనే తేదీతో సహా రాసి ఉంచుకోవాలి.