మెట్టు అంచున ఉలి గరుకు

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఒకే నల్లరాయి రెండు రంగుల్లో కనిపిస్తుంది; ఉలి తగిలినంత మేర బూడిదరంగుకు తిరిగి, పాలిష్ పట్టినచోట నిగనిగలాడే నలుపవుతుంది. పక్కపక్కనున్న రెండు ఉపరితలాల వెలుగులో ఉండే ఈ తేడాను భవన నిర్మాణంలో కాంట్రాస్ట్ అంటారు. చూపు మందగించిన మనిషి అడుగు ఎక్కడ వేయాలో తేల్చుకునేది చాలావరకు దీని ఆధారంగానే. వికలాంగులకు అనువైన కట్టడానికి కావలసిన ముఖ్య సాధనమొకటి ఈ విధంగా ఆ ఊరి శిల్పుల చేతిలోనే ఉన్నా, అది విగ్రహానికి అక్కరకు వచ్చినంతగా మెట్టుకు రావడం లేదు.

నవనందుల క్షేత్రాలకూ అహోబిలానికీ వృద్ధ యాత్రికులు ఎందరో వచ్చే ఈ ప్రాంతంలో ఈ లోటు చిన్నదేమీ కాదు. కొత్త గుళ్లకూ కల్యాణమండపాలకూ మెట్లు తళతళలాడాలని కట్టించేవారు కోరుకుంటారు. ఎక్కేటప్పుడు మెట్టు నిలువు పలక ఎదురుగా ఉంటుంది గనుక ఇబ్బంది తక్కువ. దిగేటప్పుడు మాత్రం పై పలకలే వరుసగా కనబడి, అన్నీ ఒకే నలుపు కావడంతో, మెట్ల వరుస అంతా వాలుగా పరచిన ఒకే బండలా తోస్తుంది. దాని మీద కొబ్బరినీళ్లో అభిషేకజలమో ఒలికితే చూపు బాగున్నవారికీ కాలు నిలవదు. ప్రతి మెట్టు అంచున రెండంగుళాల పట్టీని పాలిష్ పట్టకుండా ఉలి గరుకుతోనే వదిలేస్తే, కంటికి గీత, పాదానికి పట్టు ఒకే పనితో సమకూరతాయి. పైగా పసుపు టేపు అతికించిన వికారం లేకుండా ఆ గీత రాతిలోంచే పుట్టిన అలంకారమవుతుంది.

చేతి ఆసరా సంగతి ఇంత సులువు కాదు. మెట్లకు ఇరువైపులా చెక్కే ఏనుగు తొండాలు, యాళిరూపాలు చూడముచ్చటైనవే గాని, వాటి చుట్టూ వేళ్లు మూసుకోవు. పడబోయే మనిషికి కావలసింది పిడికిట్లో ఇమిడే, సుమారు 40 మిల్లీమీటర్ల మందం గల గుండ్రని కడ్డీ. అంత సన్నగా తీసిన రాయి నిలవదు కాబట్టి, ఇక్కడ శిల్పి పంతం మాని తొండం వెంబడి ఇత్తడి కడ్డీకి చోటివ్వక తప్పదు. ర్యాంపుకైతే ఒకటికి పన్నెండు వాలు కావాలి, అంటే మూడడుగుల ఎత్తుకు ముప్పై ఆరడుగుల పొడవు; ముఖద్వారం అందం చెడుతుందని దాన్ని వెనుకవైపు తోసేయడం పరిపాటి. చక్రాల కుర్చీలో వచ్చిన భక్తుణ్ణి చెప్పుల స్టాండు పక్కనుంచి లోపలికి పంపే ఆ పద్ధతిని సర్దుబాటు అనడం కష్టం.

ప్రజలు వాడే కట్టడాలన్నిటిలో ఈ సౌకర్యాలు ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. సిఫార్సులుగా మిగిలిపోయే మార్గదర్శకాలు చాలవనీ, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలనీ 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అయితే ఏ ప్రమాణమైనా శిల్పశాల దాకా చేరేది ఆర్డరు కాగితం మీదనే. పాలిష్ పూర్తయిన అంచు మీద మళ్లీ ఉలి ఆడిస్తే పెచ్చులూడే ప్రమాదం ఉంది గనుక, గరుకు పట్టీ వెడల్పు, కడ్డీ దిగే గుంతలు రాయి కోయకముందే నక్షాలో ఉండాలి; నునుపును బట్టి పనితనాన్ని లెక్కగట్టే చోట, నునుపు చేయకుండా వదిలిన రెండంగుళాలకు కూలి ఎంతన్నదీ అప్పుడే తేలాలి.